మేయరు లేని ఊరికి మేయరు కచేరీ

పట్టణంలో దెబ్బతిన్న దుకాణాలను, పగుళ్లిచ్చిన గోడలను బాగుచేయించవలసిన పుదుచ్చేరి పురపాలక సంఘం తన సొంత కచేరీనే కాపాడుకోలేకపోయింది. గూబెర్ అవెన్యూలో సముద్రానికి ఎదురుగా 1870 ప్రాంతంలో ఫ్రెంచివారు కట్టిన మేరీ భవనం 2014 నవంబరు 29న వానకు నాని కుప్పకూలింది. మేరీ అంటే ఫ్రెంచిలో మేయరు కచేరీ. ఆ కట్టడం శిథిలమవుతున్నదని వారసత్వ పరిరక్షకులు అంతకు ముందునుంచే హెచ్చరిస్తున్నారు. మరమ్మతు మాత్రం మొదలు కాలేదు. కూలినదాన్ని పాత నమూనాలో తిరిగి కట్టడానికి ప్రపంచ బ్యాంకు సాయం, సుమారు 15 కోట్ల రూపాయలు, ఆరేళ్లకు పైగా కాలం కావలసి వచ్చాయి.

2021 ఫిబ్రవరి 25న ప్రధాని నరేంద్ర మోదీ కొత్త భవనాన్ని ప్రారంభించారు. ఆ రోజు పుదుచ్చేరి పరిస్థితి గుర్తు చేసుకోదగినది. పురపాలక మండలి గడువు 2011లోనే ముగిసింది. బలపరీక్షలో ఓడిన నారాయణసామి ప్రభుత్వం మూడు రోజుల కిందటే పడిపోయింది. లెఫ్టినెంట్ గవర్నరు కిరణ్ బేడీని అంతకు ముందే తొలగించారు. తెలంగాణ గవర్నరుగా ఉన్న తమిళిసై సౌందరరాజన్ అదనపు బాధ్యతగా పాలన చూస్తున్నారు. స్థానికంగా ప్రజలకు జవాబు చెప్పవలసిన వారంటూ ఎవరూ లేని రోజున ప్రజల కచేరీ తలుపులు తెరుచుకున్నాయి.

పాలకుల సొంత గూడు గతే ఇది. ఇక నెహ్రూ వీధిలోనో మహాత్మా గాంధీ రోడ్డులోనో పాత మేడ కింద అద్దెకున్న చిన్న వర్తకుడి సంగతి ఊహించవచ్చు. ముందువైపు వసారా పెచ్చులూడుతుంది. బాగు చేయించవలసింది యజమాని అని అద్దెదారు, వచ్చే అద్దె మరమ్మతుకు చాలదని యజమాని వాదించుకుంటారు. ఈ తగవులో కలుగజేసుకోవలసింది స్థానిక పాలనే. కాని దాని అధికారం ముక్కలై ఉంది. దుకాణం లైసెన్సు పురపాలక సంఘానిది. నిర్మాణ అనుమతి ప్లానింగ్ అథారిటీది. వారసత్వ జాబితాలోని కట్టడమైతే పరిరక్షణ కమిటీ సమ్మతి కూడా కావాలి. ఎక్కడికక్కడ దస్త్రం కదులుతున్నట్టే ఉంటుంది, గోడ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఈ కార్యాలయాలన్నిటినీ ఒక చోట కూర్చోబెట్టి తేదీ చెప్పండని అడగగలవాడు వార్డు సభ్యుడు. 2011లో మండలి గడువు ముగిశాక ఆ కుర్చీ ఖాళీ.

2024 నవంబరు చివర ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు ఈ లోటు బయటపడింది. ఒక్క రోజులో సుమారు 46 సెంటీమీటర్ల వాన కురిసి పట్టణం మునిగింది. ముఖ్యమంత్రి రంగసామి రేషన్ కార్డుకు ఐదు వేల రూపాయల సాయం ప్రకటించారు. ఇళ్లకు అది ఊరటే. కాని దుకాణానికి రేషన్ కార్డు ఉండదు. ఏ వీధిలో ఏ షట్టరు వంగింది, ఏ గోడ కూలబోతోంది అన్న లెక్క సచివాలయానికి అందదు. ఆ లెక్క వార్డులో తిరిగేవారికే తెలుస్తుంది.

గూబెర్ మార్కెట్ కథ దీనికి తోడు. పాత కట్టడాన్ని ఆధునికీకరించాలని స్మార్ట్ సిటీ పథకంలో తలపెట్టారు. 2017లో పుదుచ్చేరి ఆ పథకానికి ఎంపికైంది. 2025 మార్చితో పథకం గడువే ముగిసింది. దుకాణాలన్నీ ఒకేసారి ఖాళీ చేయమంటే వర్తకులు ఎదురుతిరిగారు. వారి భయం అర్థం కానిదేమీ కాదు. ఒకసారి బయటికి పోతే తిరిగి ఎప్పుడు, ఏ అద్దెకు, ఏ మూలకు రానిస్తారో హామీ ఇవ్వగల ప్రజాప్రతినిధుల మండలి లేదు. అధికారి ఇచ్చిన మాట ఆయన బదిలీతోపాటే పోతుంది.

ఇదంతా అనుకోకుండా జరిగిందేమీ కాదు. 1968 తరువాత పుదుచ్చేరిలో స్థానిక ఎన్నికలు 2006లోగాని జరగలేదు. 38 ఏళ్ల విరామం అది. 2011లో గడువు తీరాక మళ్లీ ఇంతవరకు జరగలేదు. ఐదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243యు అధికరణం చెబుతుంది. ఎన్నికలు జరపాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తరువాత రాష్ట్ర ఎన్నికల కమిషనరును ఎవరు నియమించాలన్న పోరులో కాలం గడిచింది. 2021లో ఎన్నికల ప్రకటన వెలువడినా రిజర్వేషన్ల వివాదం మద్రాసు హైకోర్టుకెక్కి ఆగిపోయింది. ఈ మధ్యకాలంలో రంగసామి పాలించారు, కాంగ్రెసు పాలించింది, 2021లో మళ్లీ రంగసామి, ఆయనతో కలిసి బీజేపీ అధికారంలోకి వచ్చాయి. ఎవరికీ తొందర లేదు.

కారణం అంకెల్లోనే కనిపిస్తుంది. సుమారు పది లక్షల ఓటర్లకు 30 మంది ఎమ్మెల్యేలు. అంటే ఒక్కొక్కరికి సగటున 33 వేల మంది. 2020 ఎన్నికల నాటికి హైదరాబాదు మహానగర పాలక సంస్థలో 150 డివిజన్లకు 74 లక్షలకు పైగా ఓటర్లున్నారు. హైదరాబాదు కార్పొరేటరు కన్నా తక్కువ మందికి పుదుచ్చేరి ఎమ్మెల్యే ప్రతినిధి. కాలువ, దీపం, రోడ్డు అన్నీ ఆయన దయగానే జరగాలి. అదే వీధిలో మరొక ప్రతినిధి పుడితే ఆ దయకు పోటీ వస్తుంది. తెలుగువారి యానాం కూడా ఇదే ఏలుబడిలో ఉంది. దాని పురపాలక సంఘమూ ఎన్నికైన మండలి లేకనే నడుస్తోంది.

ఎన్నికైన మండలి ఉన్నంత మాత్రాన గోడలు నిలబడతాయా అని అడిగేవారుంటారు. ప్రశ్న న్యాయమైనదే. 2006-11 మండలి కూడా మేరీ భవనానికి మరమ్మతు చేయించలేదు. ఎన్నిక లేకున్నా పని జరగవచ్చనడానికి విశాఖనే ఉదాహరణగా చూపవచ్చు. మేరీ కూలడానికి ఏడు వారాల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడినప్పుడు ఆ నగరానికి కూడా పాలకమండలి లేదు. 2012 నుంచి 2021 దాకా ప్రత్యేకాధికారులే ఏలారు. అయినా నగరం త్వరగా తేరుకుంది. కాని అక్కడ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్వయంగా మకాం వేశారు. ముఖ్యమంత్రి మకాం వేస్తేగాని బాగుపడని వ్యవస్థ పెద్ద విపత్తును ఎలాగో దాటవచ్చు. చిన్న దుకాణం గోడ కోసం ఏ ముఖ్యమంత్రీ మకాం వేయడు. చేతగాని వార్డు సభ్యుణ్ణి ఐదేళ్లకు ఇంటికి పంపవచ్చు. చేతగాని కమిషనరును పంపే హక్కు వర్తకుడికి లేదు.

ఎన్నికలు జరిగేదాకా చేయగలిగింది కూడా ఉంది. ప్రమాదకరమైన కట్టడాల జాబితాను వీధుల వారీగా, నోటీసు తేదీలతో సహా బయట పెట్టాలి. మరమ్మతు దరఖాస్తుకు ఒకే కిటికీ, ఒకే గడువు ఉండాలి. యజమాని, అద్దెదారు తగవులాడుకుంటున్నచోట పురపాలక సంఘమే అత్యవసర మరమ్మతు చేయించి, ఖర్చును పన్ను బకాయిలా వసూలు చేసుకోవాలి. గూబెర్ మార్కెట్ వర్తకులకు తిరిగివచ్చే హక్కును, అద్దెను రాతపూర్వకంగా ముందే తేల్చి, పనిని భాగాలుగా చేపట్టాలి.

ఇంటిపన్ను, లైసెన్సు రుసుము ఏ ఏడూ ఆగలేదు. వాటిని వసూలు చేయడానికి ఎన్నికైన మండలి అవసరం ఎవరికీ కనిపించలేదు. శాసనసభ ఎన్నికల్లో ఓట్లడగడానికి నెహ్రూ వీధికి వచ్చే ప్రతి అభ్యర్థినీ వర్తకులు ఒక్కటే అడగాలి: పురపాలక ఎన్నికలు ఏ తేదీన? తేదీ చెప్పలేనివారికి ఆ దుకాణం గోడ మీద పోస్టరు అంటించే అర్హత లేదు.