తలరాత అనే సాకు

ఛందస్సు, వ్యాకరణం తప్ప అన్య విషయాలను ఈ పుటలలో ప్రస్తావించే అలవాటు నాకు లేదు. ఈసారి తప్పడం లేదు, మన్నించగలరు.

మొన్న విశ్రాంత ఉపాధ్యాయుల సమావేశంలో, ఇంటర్ ఫలితాల అనంతరం ఏటా వినవచ్చే ఆత్మహత్యల ప్రసక్తి వచ్చింది. గణితం బోధించిన పెద్దలొకరు "చావదలచినవాణ్ణి ఎవరు ఆపగలరండీ? తలరాత! దానికి ప్రజాధనం వెచ్చించడం బూడిదలో పోసిన పన్నీరే" అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు గాని, నోరూ విప్పలేదు. ఆ మౌనమే ఇప్పుడీ వ్రాతకు కారణం.

నా మౌనానికి వెనుక కథ ఒకటున్నది. 1998లో నా శిష్యుడొకడు పదవ తరగతి తప్పి ప్రాణం తీసుకొన్నాడు. సీసపద్యం ఎత్తుకొంటే తరగతి తరగతంతా చెవి ఒగ్గి వినేది. ఫలితాలకు ముందు వారం రోజులు వాడు మా ఇంటి అరుగుమీద ఊరక కూర్చొని వెళ్లేవాడు. "ఏమిరా?" అని అడిగితే "ఏం లేదు సార్" అనేవాడు. నేను మళ్లీ పత్రిక తెరచుకొనేవాణ్ణి. వాడి తండ్రిని పరామర్శించడానికి వెళ్లి నేనన్న మాట కూడా "తలరాత" అనే. పంచాంగం నుండి, పురాణాల నుండి ఎన్నో పదాలు నేర్చిన నాకు ఆనాడు దొరికిన పదం అదొక్కటే!

గణితం మాస్టారికి గణితంలోనే సమాధానం చెబుతాను. జాతీయ నేర గణాంక సంస్థ ప్రకటించిన 2022 లెక్కలలో తెలంగాణలో ఆత్మహత్యలు 9,980. అంటే రోజుకు ఇరవై ఏడు. లక్ష జనాభాకు దేశ సగటు 12.4 కాగా మనది 26.3. బ్రహ్మదేవుడు తక్కిన దేశం నుదుట ఒక రకంగానూ, మన నుదుట రెండింతలుగానూ వ్రాశాడనుకోవాలా?

పోనీ, శ్రీలంకను చూడండి. 1995 నాటికి అక్కడ లక్షకు దాదాపు 47 మంది ఆత్మహత్య చేసుకొనేవారు. ఆ ఏటి నుండి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ప్రభుత్వం ఒక్కొక్కటిగా నిషేధించింది. తరువాతి రెండు దశాబ్దాలలో ఆ రేటు సుమారు 70 శాతం తగ్గింది. కష్టాలు తీరి తగ్గిందా అంటే, 2009 దాకా అక్కడ యుద్ధమే నడిచింది. ఆ గడియ గడిస్తే మనిషి బ్రతుకుతాడు. గడియ గడిపించేందుకు చట్టం కావాలి, వైద్యుడు కావాలి, డబ్బు కావాలి.

డబ్బు సంగతే అసలు సంగతి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో నాలుగే జిల్లాలలో మొదలైతే అందులో మన మెదక్ ఒకటి. దానికి జిల్లాకు ఏడాదికి గరిష్ఠంగా ఇచ్చేది 83.2 లక్షలు. ఇరవై లక్షల జనాభా ఉన్న జిల్లాలో మనిషికి నాలుగు రూపాయలు! బడ్డీకొట్టులో అర కప్పు టీ కూడా రాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ (14416, తెలుగులోనూ మాట్లాడతారు, దయచేసి వ్రాసిపెట్టుకోండి) పథకానికి కేంద్రం 2023-24లో 133.73 కోట్లు చూపి, మరుసటి ఏడు 90 కోట్లకు కుదించింది. పథకం పెరుగుతూంటే పద్దు తరుగుతున్నది.

"ఇది దయాదాక్షిణ్యాల విషయం" అనేవారికొక మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఆత్మహత్యలను తగ్గించే కార్యక్రమాలు రూపొందించి అమలు చేయడం ప్రభుత్వ విధి అని 29వ సెక్షన్ చెబుతోంది. విశాఖలో 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో, వందమంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలన్నది. నేను పనిచేసిన బడిలో నాలుగు వందలమంది పిల్లలు. డ్రిల్లు మాస్టారి పోస్టే ఆరేళ్లు ఖాళీగా ఉండేది. జీతానికి పద్దు కేటాయించకుండా కౌన్సెలర్ ఎక్కడినుండి ఊడిపడతాడు? తెలుగు పండితుడికే ఆ బాధ్యత కూడా అప్పగిస్తారేమో! ఆ పండితుడు ఎంత నిర్వాకం చేయగలడో పైన చెప్పాను.

మా జిల్లాలో గత మూడేళ్లుగా ఈ కార్యక్రమానికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, మానసిక వైద్యుని పోస్టు నిండినదా అని సమాచార హక్కు చట్టం క్రింద నిన్న అర్జీ పెట్టాను. ముప్పై రోజుల గడువు. ప్రత్యుత్తరం వస్తే ఇక్కడే యథాతథంగా ప్రకటిస్తాను, రాకపోతే ఆ సంగతీ ప్రకటిస్తాను.