వంగని మెడ



అల్మాస్‌గూడలో జరిగే మా ప్రార్థన కూడికకు ఒక పెద్దాయన వచ్చేవారు. తాపీ పని చేసి మానుకున్న మనిషి. "తలలు వంచుదాం" అని నేను అన్నప్పుడల్లా అందరి తలలూ వంగేవి, ఆయనది మాత్రం నిటారుగానే ఉండేది. ఎంత పట్టుదల మనిషి అని చాలాకాలం మనసులో తప్పుపట్టాను.

ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. వెనకనుంచి నేను పిలిస్తే మెడ తిప్పలేదు, కాళ్లు కదుపుతూ మనిషంతా ఇటు తిరిగారు. "ఏం జెయ్యాలె అయ్యగారూ, మెడ వంగదు. మాది మర్రిగూడ దిక్కు" అన్నారు. సిగ్గుతో నా తల వంగింది.

మన సాగర్ రోడ్డున మాల్ దాటి వెళ్తే వచ్చే నల్గొండ జిల్లా ప్రాంతమది. ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడింది. ఎముకకు ఎముకను కట్టి ఉంచే నారలను డాక్టర్లు లిగమెంట్లు అంటారు. అవి తాడులా వంగబట్టే మనం వంగుతాం. రాతి పొరల్లో ఊరిన ఫ్లోరైడ్ నీరు ఏళ్ల తరబడి తాగితే ఆ నారల్లో కాల్షియం పేరుకొని, అవీ ఎముకలాగే బిగిసిపోతాయి. దీన్నే కాల్సిఫికేషన్ అంటారు. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1937లోనే, నాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి వైద్యులు రాశారు.

బిగిసిన నారను మళ్లీ మెత్తబరిచే మందు లేదు. నీళ్లు మారిస్తే మాత్రం జబ్బు ముదరకుండా ఆపవచ్చు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచి తాగితే చాలనుకునే తల్లులున్నారు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థవారు కనిపెట్టారు. దానికి నల్గొండ పేరే పెట్టారు. తర్వాత మిషన్ భగీరథతో ఆ పల్లెలకు కృష్ణా నీళ్లు వచ్చాయి.

ఆయనకు నొప్పికంటే పెద్ద బాధ మరొకటుంది. తాతను చూసి మనవరాలి సంబంధం వాళ్లు వెనక్కిపోయారట. అమ్మలారా, అయ్యలారా, ఇది అంటుకునేది కాదు, రక్తంలో దిగేదీ కాదు. ఆ అమ్మాయి పుట్టి పెరిగింది ఇక్కడే. ఈ మాట చెప్పడానికి ఆ పెళ్లివారింటికి నేనే వెళ్లాను. ఇంకా జవాబు రాలేదు.

కూడికలో ఇప్పుడు "కళ్లు మూసుకుందాం" అంటున్నాను. వాళ్ల కోడలు ఇంటి బోరు నీళ్లు సీసాలో పట్టి ఇచ్చింది. సోమవారం పరీక్షకు తీసుకెళ్తున్నాను.