తెర మీద బొమ్మల కలగలుపు

బడి వార్షికోత్సవంలో పిల్లలు నాట్యం చేస్తున్నారు. వెనక తెర మీద వాన పడుతున్నది. పాట మారగానే వాన సన్నగిల్లి, అందులోంచే నెమలి కనపడింది. ఇది ముందుగా తయారుచేసిన సినిమా కాదు. పక్కన కంప్యూటరు ముందు కూర్చున్నవారు పాట వింటూ అప్పటికప్పుడు బొమ్మలు కలుపుతున్నారు. ఈ పనికి రెసొల్యూమ్ వంటి సాఫ్ట్‌వేర్లు వున్నాయి.

కలపటమంటే ఏమిటి? తెర మీది బొమ్మ అంతా చుక్కలే. ప్రతి చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత వున్నదీ 0 నుంచి 255 లోపు అంకెలు చెబుతాయి. వాన బొమ్మలో ఒక చుక్క ఎరుపు 200, నెమలి బొమ్మలో అదే చోట 100 అనుకోండి. రెంటినీ సగం సగం కలిపితే 150. ఇంతే లెక్క!

అయితే 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల బొమ్మలో 20,73,600 చుక్కలున్నాయి. సెకనుకు 60 బొమ్మలు చూపాలంటే, ఒక్కొక్క దానికి దొరికే వ్యవధి సెకనులో 60వ వంతే. ఆలస్యమైతే బొమ్మ తడబడుతుంది. ప్రేక్షకులు ఎదురుగా వుండగా, "ఆగండి, మళ్ళీ చూపిస్తాం" అనటానికి వీలులేదు గదా!

అందుచేత కంప్యూటరుకు ముందే పని తగ్గించాలి. మామూలు వీడియోలలో చోటు కలిసిరావటానికి ఒక పూర్తి బొమ్మను, ఆ తరువాత వచ్చే మార్పులను మాత్రమే దాచుతారు. మధ్యలోకి దూకాలంటే కంప్యూటరు వెనకటి పూర్తి బొమ్మను వెతికి, మార్పులన్నీ చేర్చుకుంటూ రావాలి. రెసొల్యూమ్ వారి డీఎక్స్‌వీ పద్ధతిలో ప్రతి బొమ్మా విడిగా, పూర్తిగా వుంటుంది. ఫైలు పెద్దదవుతుంది, కాని కావలసిన బొమ్మ చప్పున దొరుకుతుంది. వీడియోలను ఇలా మార్చటానికి వారిదే ఆలీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వున్నది.

మీ బడిలో ఈ పని చేయదలిస్తే, పెద్దల సాయంతో ఈ వరసలో చేయండి:

1. వీడియోలన్నిటినీ ముందురోజే మార్చి వుంచుకోండి.

2. ప్రొజెక్టరు తగిలించి, రెండు తెరలను "ఎక్స్‌టెండ్" అమరికలో పెట్టండి. "డూప్లికేట్"లో పెడితే మీ మీటలన్నీ ప్రేక్షకులకు కనపడతాయి.

3. నోటిఫికేషన్లు రాకుండా, కంప్యూటరు నిద్రపోకుండా అమర్చి, చార్జరు తగిలించండి.

4. మొత్తం తెరను నలుపు చేసే మీట ఎక్కడున్నదో చూసుకోండి. ఏది చెడినా ముందు దాన్ని వాడండి. తెర చీకటైనా నాట్యం ఆగదు. జనం నాట్యమే చూస్తారు.

ఇక మీకొక లెక్క. పైన చెప్పిన చుక్కలో నెమలి ముప్పాతిక, వాన పాతిక కలిపితే ఎరుపు ఎంత? (జవాబు: 125)