కీళ్లవాతమును గూర్చి యొక మాట

గడచిన సంవత్సరము మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె వరుసగా రెండు మాసములు ప్రార్థన ముగిసిన పిమ్మటనే వచ్చుచుండెను. హాజరుపట్టీలో ఆమె పేరున కెదురుగా ఆలస్యమని వ్రాసితిమి. రెండు మూడు పర్యాయములు తరగతి వెలుపల నిలువబెట్టితిమి కూడ. కారణ మడుగుట మాకు తోచలేదు. తుద కడిగినపుడు తెలిసిన దేమనగా, తెల్లవారునప్పటికి ఆ పిల్ల తల్లికి చేతివ్రేళ్లు బిగిసిపోయి యుండునట. జడ వేయుటకు గాని, క్యారేజీ మూత పెట్టుటకు గాని చేతగాదట. తొమ్మిది గంటలైన పిదప కొంత సడలునట. ఇంటిల్లిపాదియు దానిని వాతమనుకొని పదునాలుగు మాసములు గడపిరి. ఆ తల్లికి ముప్పదియెనిమిదేండ్లు.

మా తప్పు నొప్పుకొనుచు నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన యిండ్లలో వాతమను మాట రోగమునకు పేరు కాదు, విచారణను నిలిపివేయు మాట యని మా యభిప్రాయము. మోకాళ్లరిగిన ముదుసలికిని వాతమే, మడమ నొచ్చిన పడుచువానికిని వాతమే. 2005, 2006 సంవత్సరములలో చికున్‌గున్యా జ్వరము మన జిల్లాలను చుట్టుముట్టిన నాటినుండి, ఆ నొప్పు లింకను పోలేదనుట మరియొక సమాధానమైనది. ఆ జ్వరము తరువాత కొందరికి కీళ్లనొప్పులు మాసముల తరబడి యుండుట నిజమే. కావుననే వైద్యుడు చూచి తేల్చవలెను గాని ఇరుగుపొరుగువారు తేల్చరాదు.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అను వ్యాధి కీళ్లరుగుటచే వచ్చునది కాదు. మనలను రోగములనుండి కాపాడవలసిన శరీరశక్తియే దారితప్పి కీళ్ల లోపలి పొరపై బడి వాపు పుట్టించును. ఆ వాపు నిలిచిన యెడల మృదులాస్థిని, ఎముకను కూడ తినివేయును. ఇది పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లెక్కువ; నడివయసుననే తరచు మొదలగును. 1800వ సంవత్సరమున పారిసు నగరమున లాండ్రే బోవే అను వైద్యుడు దీనిని వర్ణించుచు, గౌటు వ్యాధిలో నొక భేదమని తలచెను. ఇప్పటి పేరు 1859లో ఆంగ్ల వైద్యుడు గారడ్ పెట్టినది. వైద్యులకే అంతకాలము పట్టినపుడు ఆ కాలపు ఇల్లాండ్రను నిందింపలేము. నేటివారమైన మనకు ఆ సాకు లేదు.

ముఖ్యమైన గుర్తు ఉదయమే కనబడును. నిద్రలేచునప్పటికి బిగిసిన కీళ్లు అరగంటకు, పెక్కుమారులు గంటకు గూడ సడలవు. అరిగిన మోకాలు కొలది నిమిషములలో సడలి, పని చేసినకొలది నొచ్చును. ఇది పని చేసినకొలది తేలికపడును. మన తల్లులను మోసగించున దిదియే. కాసేపు పనిలో పడిన నదే పోవునని వారు మంచము దిగుదురు. వ్రేళ్ల మొదళ్లు, నడిమి కణుపులు, మణికట్లు, పాదముల వ్రేళ్ల మొదళ్లు వాచును, తరచు రెండు ప్రక్కలను; గోటి దగ్గరి కణుపులు సామాన్యముగా తప్పించుకొనును. ఉంగరము రాదు, గాజులెక్కవు, ముగ్గుపిండి వ్రేళ్లనడుమ నిలువదు. కరచాలనమున వలె వ్రేళ్ల మొదళ్లను అడ్డముగా నొక్కిన నొప్పి పుట్టును. కారణము తెలియని అలసట, కొద్దిపాటి జ్వరము, ఆకలి మందగించుట తోడుగా వచ్చును. విద్యార్థులారా, తల్లి చేతులను మీకంటె దగ్గరగా చూచువారెవ్వరు?

ఇట్టి వాపు కొన్ని వారములు నిలిచినచో ఆగరాదు. మొదటి మూడు మాసములలోనే తగిన మందు మొదలుపెట్టిన కీళ్లు నిలుచునని నేటి వైద్యుల మతము. ఈ వ్యాధులలో ప్రత్యేకశిక్షణ పొందిన రుమటాలజిస్టులు పెద్ద పట్టణములలోనే యుందురు, ప్రయాణపు ఖర్చు కలదు; ఆ మాట నిజమే. ముందుగా జిల్లా ఆసుపత్రికైనను పోయి చూపింపవచ్చును.

పరీక్షలను గూర్చియు ఒక హెచ్చరిక. రుమటాయిడ్ ఫాక్టరు రక్తమున లేదని కాగితము వచ్చినంతమాత్రమున వ్యాధి లేదని కాదు, ఉన్నదని వచ్చినను వ్యాధి యున్నదని రూఢి కాదు. యాంటీ సి.సి.పి., ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అను పరీక్షలను, అన్నిటికంటె వైద్యుడు చేతితో కీళ్లను తడవి చూచుటను కలిపి నిర్ణయింతురు. తొలిదినములలో ఎక్స్‌రే నిర్దోషముగా నుండవచ్చును. పైన చెప్పిన తల్లికి మొదటి కాగితము లేదనియే చెప్పెను. దానిని నమ్మి అయిదు మాసములు పోగొట్టుకొనిరి. నడుమ నెవరో యిచ్చిన స్టెరాయిడు సూదిమందుతో పదిదినములు హాయిగా నుండి, నయమైనదనుకొని మరి రెండు మాసములు పోగొట్టుకొనిరి.

ఇప్పుడామె వారమున కొక్కదినము మాత్రమే మ్రింగవలసిన మెతోట్రెక్సేట్ మాత్రలు పుచ్చుకొనుచు, వైద్యుడు చెప్పినపు డెల్ల రక్తపరీక్ష చేయించుకొనుచున్నది. పొరపాటున ఆ మాత్రలను ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము గనుక, బాలిక ప్రతి ఆదివారపు రాత్రియు క్యాలెండరుపై సున్న చుట్టుచున్నది. ఆలస్యముగా వచ్చుట మానినది. తల్లి కుడిచేతి రెండు వ్రేళ్లు మాత్రము వంగినవి వంగినట్లే యున్నవి.