తప్పు ఒప్పుకున్నప్పుడు గెలుపు తిరిగివ్వరేం?

2015 అక్టోబర్ 31 రాత్రి, నార్త్ కరొలైనాలోని డర్హమ్. డ్యూక్ యూనివర్సిటీ 27-24తో మయామీ మీద ముందుంది. గడియారంలో మిగిలింది 6 సెకన్లు. డ్యూక్ బంతిని తన్నింది. మయామీ కుర్రాళ్లు దాన్ని అందుకుని, ఒకరి నుంచి ఒకరికి వెనక్కి విసురుకుంటూ, ఎనిమిదిసార్లు చేతులు మార్చి చివరి గీత దాటించారు. ఆ గందరగోళం మధ్యలో ఒక మయామీ ఆటగాడి మోకాలు నేలకు తగిలింది. బంతి ఇంకా అతని చేతిలోనే ఉంది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకున్నవాడి మోకాలు నేలకు తగిలితే ఆట అక్కడితో ఆగిపోవాలి. అప్పటికే సమయం కూడా అయిపోయింది కాబట్టి మ్యాచే ముగిసిపోవాలి. రిఫరీలు రీప్లే పేరుతో దాదాపు 9 నిమిషాలు తీసుకున్నారు. తీసుకుని, టచ్‌డౌన్ చెల్లుతుందన్నారు. మయామీ 30, డ్యూక్ 27.

మర్నాడు ఈ రెండు జట్లూ ఆడే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) ప్రకటన ఇచ్చింది. ఆ ఒక్క ఆటలో నాలుగు తప్పులు జరిగాయని ఒప్పుకుంది. మోకాలు తగిలిన మాట నిజమేనంది. రిఫరీలనూ, రీప్లే గదిలో కూర్చున్న అధికారినీ 2 మ్యాచ్‌ల పాటు పక్కన పెట్టింది. గెలుపు మాత్రం మయామీ ఖాతాలోనే ఉంచింది. ఈనాటికీ అక్కడే ఉంది.

నా కోపం రిఫరీ కళ్ల మీద కాదు. ఇరవై ఇద్దరు బలమైన కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడుతుంటే మనిషి కన్ను తప్పడం సహజం. పొరపాటు చేసినవాణ్ణి క్షమించగలను. తప్పు తెలిసి, తప్పని చెప్పి, దాని ఫలాన్ని మాత్రం అలాగే ఉంచేవాళ్లను క్షమించలేను. ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ చేసి, 'ఆవు నీదే, తోలుకుపోయినవాడిది తప్పే, అయినా ఆవు వాడి కొట్టంలోనే ఉంటుంది' అంటే ఆ ఊరు ఊరుకుంటుందా? పదేళ్లుగా డ్యూక్ అభిమానిని ఊరుకోమంటున్నారు.

దీనికి వాళ్లు చెప్పే సాకు ఒకటుంది: ఆ ఒక్క తప్పు జరగకపోతే తర్వాత ఏమయ్యేదో ఎవరికి తెలుసు? కొన్ని మ్యాచ్‌ల విషయంలో ఈ మాట న్యాయమే. 2006లో యూజీన్‌లో ఓక్లహోమాను ఆరిగన్ 34-33తో ఓడించినప్పుడు, చివర్లో తన్నిన చిన్న కిక్‌ను ఆరిగన్ ఆటగాడు 10 గజాలు దాటకముందే తాకాడు, అది నిబంధనకు విరుద్ధం. రీప్లే చూసినా సరిదిద్దలేదు. కానీ అప్పటికింకా నిమిషానికి పైగా ఆట మిగిలుంది. ఏమయ్యేదో నిజంగానే చెప్పలేం. సరే, ఆ బాధ భరిద్దాం.

కానీ డర్హమ్‌లో ఆ తర్వాత అంటూ ఏదీ లేదు. 2016 సెప్టెంబర్ 10న స్టిల్‌వాటర్‌లోనూ లేదు. సెంట్రల్ మిషిగన్ మీద ఓక్లహోమా స్టేట్ 27-24తో ముందుంది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బంతిని దూరంగా విసిరేశాడు, గడియారం సున్నాకి చేరింది. అలా విసరడం నేరమని జెండా పడింది. అంతవరకు సరే. ఆ నేరానికి మ్యాచ్ పొడిగించకూడదని నిబంధన స్పష్టంగా ఉంది. అయినా రిఫరీలు సెంట్రల్ మిషిగన్‌కు ఇంకో ఆట ఇచ్చారు. వాళ్లు ఆ ఆటలో పొడుగాటి పాస్ విసిరి, అందుకున్నవాడు పక్కవాడికి అందించి, టచ్‌డౌన్ చేసి 30-27తో గెలిచారు. ఇది కంటికి ఆనకపోవడం కాదు. నిబంధన తెలియకపోవడం. అయిపోయిన మ్యాచ్‌ను మళ్లీ ఆడించడం. తప్పు తప్పేనన్నారు, రిఫరీలను 2 మ్యాచ్‌లు ఆపారు, ఫలితం మార్చే వీల్లేదన్నారు.

ఇక 1990 అక్టోబర్ 6. మిస్సోరీలోని కొలంబియా. ఈ ఆటలో 10 గజాలు జరపడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. పసిపిల్లలకైనా నేర్పగలిగే లెక్క. ఆ రోజు డౌన్ చూపించే కర్ర మీద అంకె మార్చడం మరిచిపోయారు. కొలరాడోకు ఐదో డౌన్ దక్కింది. దాంతోనే గీత దాటి మిస్సోరీ మీద 33-31తో గెలిచింది. నాలుగో డౌన్ దగ్గరే బంతి మిస్సోరీ చేతికి వెళ్లి ఉంటే, మిగిలేది 2 సెకన్లే. రిఫరీలను నిరవధికంగా సస్పెండ్ చేశారు. కొలరాడో ఆ గెలుపుతోనే ఆ ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ పోల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది.

సరిగ్గా ఇలాంటిదే అంతకు యాభై ఏళ్ల ముందు, 1940 నవంబర్ 16న హనోవర్‌లో జరిగింది. అప్పటికి ఓటమి ఎరగని కార్నెల్ చివరి క్షణాల్లో, ఐదో డౌన్‌లో, డార్ట్‌మత్ మీద 7-3తో గెలిచింది. తర్వాత ఫిల్మ్ వేసి చూసుకున్నారు. రిఫరీ తన తప్పు ఒప్పుకున్నాడు. కార్నెల్ రెండు రోజుల్లో టెలిగ్రామ్ పంపి ఆ గెలుపు తమకొద్దంది. డార్ట్‌మత్ 3, కార్నెల్ 0 అని పుస్తకంలోకి ఎక్కింది. ఇప్పటికీ అలాగే ఉంది. రీప్లే గది లేదు, ఇరవై కెమెరాలు లేవు. సిగ్గు ఉంది.

ఫలితం మార్చే వీల్లేదన్న మాట అబద్ధం. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ తలచుకుంటే గెలుపులు తుడిచేస్తుంది. ఒక ఆటగాడికి అక్రమంగా డబ్బూ కానుకలూ అందాయని సదరన్ కాలిఫోర్నియా 2004 సీజన్ చివరి రెండు గెలుపులనూ, 2005 సీజన్ గెలుపులన్నిటినీ ఏళ్ల తర్వాత కొట్టేసింది. పెన్ స్టేట్‌వి 2012లో 112 గెలుపులు కొట్టేసి, 2015లో మళ్లీ చేర్చింది. మైదానం బయటి తప్పుకు చరిత్రను తిరగరాసే చేతికి, మైదానం లోపలి తప్పు దిద్దడానికి కలం ఆడదా?

పైగా నోరు విప్పితే జరిమానా. 2020లో ఆబర్న్‌తో ఓల్ మిస్ మ్యాచ్‌లో ఒక కిక్ దగ్గర ఆట ఆపి రీప్లే చూడాల్సిందని సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్సే (ఎస్‌ఈసీ) ఒప్పుకుంది. ఆ రిఫరీలను తప్పుపట్టిన పోస్టును తన ఖాతాలో పంచుకున్నందుకు ఓల్ మిస్ కోచ్ లేన్ కిఫిన్ మీద అదే ఎస్‌ఈసీ 25,000 డాలర్ల జరిమానా వేసింది. తప్పు చేసింది వాళ్లు, ఒప్పుకున్నది వాళ్లు, డబ్బు కట్టింది నష్టపోయినవాడు.

ఈ గోడకు తల బాదుకున్న జనం చివరికి ఎక్కడికి చేరతారో 2024 అక్టోబర్ 19న ఆస్టిన్‌లో చూశాం. టెక్సస్ ఆటగాడు జార్జియా పాస్‌ను అడ్డుకుని పట్టుకుంటే జెండా పడింది. స్టేడియం నుంచి సీసాలు మైదానంలోకి ఎగిరాయి. ఆట ఆగింది. ఆ వ్యవధిలో రిఫరీలు కూడబలుక్కుని జెండా వెనక్కి తీసుకున్నారు. టెక్సస్ మీద 2,50,000 డాలర్ల జరిమానా పడింది. సీసా విసరడం నీచం. అక్కడ నిలబడ్డది కూడా ఎవరి బిడ్డో. కానీ న్యాయంగా అడిగే దారి మూసేసినవాళ్లు, సీసాలు పడ్డాక మనసు మార్చుకుని లక్షమందికి ఏం నేర్పారు?

డబ్బు లేదని మాత్రం అనొద్దు. బిగ్ టెన్ కాన్ఫరెన్స్ టీవీ ఒప్పందం ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైనే అని వార్తలొచ్చాయి. అయినా ఈ ఆటను నడిపించే రిఫరీ వారమంతా వేరే ఉద్యోగం చేసుకుని శనివారం చారల చొక్కా వేసుకొస్తాడు. అతనికి ఏడాది పొడుగునా జీతమిచ్చి, నిబంధనల మీద పరీక్షలు పెట్టి, కాన్ఫరెన్సుల గుప్పిట్లోంచి బయటికి తీసి దేశమంతటికీ ఒకే సంస్థ కింద పెట్టండి. రీప్లే గదిలో మాటలు మాకూ వినిపించండి. క్రికెట్‌లో థర్డ్ అంపైర్ ఏం చూస్తున్నాడో, ఎందుకు ఔటంటున్నాడో గుంటూరులో టీవీ ముందు కూర్చున్న ముసలాయన కూడా వింటాడు. 2025లో ఏసీసీ కొన్ని ప్రసారాల్లో ఇది మొదలుపెట్టింది కూడా. మిగతావాళ్లకు దాచాల్సిందేముంది?

అంతకంటే ముందు పుస్తకం తెరవండి. చివరి ఆటలో, సమయం అయిపోయాక, మీరే తప్పని ఒప్పుకున్న ఫలితాలు దిద్దండి. ఓక్లహోమా స్టేట్ 2016 సీజన్ 10 గెలుపులు, 3 ఓటములు అని ఉంది. 11, 2 అని రాయండి. డ్యూక్ 2015 సీజన్ 8, 5 అని ఉంది. 9, 4 అని రాయండి.