నడిపితే ఆరదు

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఇంజన్ కడిగించిన మర్నాడు కారు మొరాయిస్తే చుట్టుపక్కలవాళ్లు చెప్పేది ఒక్కటే: ‘నీళ్లు పడ్డాయంతే, ఓ పది కిలోమీటర్లు నడపండి, అదే ఆరిపోతుంది.’ హిందీవాళ్లయినా మనవాళ్లయినా ఇదే మాట. ఈ సలహా తప్పు. పైగా వందల్లో తేలిపోయే పనిని వేలల్లోకి నెట్టే సలహా.

నీళ్లు ఎక్కడ చేరతాయో చూడండి. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇగ్నిషన్ కాయిల్, నేరుగా స్పార్క్ ప్లగ్ మీదే కూర్చుంటుంది. ప్లగ్ ఉండేది ఇంజన్ తలలో, వేళ్లు అందని గొట్టం అడుగున. పైన రబ్బరు సీలు. వానకీ, రోడ్డు మీద చిందే నీళ్లకీ ఆ సీలు తట్టుకుంటుంది. బెత్తెడు దూరం నుంచి ప్రెషర్ గన్‌తో కొట్టే ధారకి తట్టుకోకపోవచ్చు. లోపలికి దిగిన చెంచాడు నీళ్లు ఇంజన్ వేడికి ఆవిరవుతాయి, నిజమే. కానీ ఆ ఆవిరికి అడ్డంగా ఉన్నదీ ఆ రబ్బరే. బయటికి పోలేని ఆవిరి, బండి చల్లారాక మళ్లీ నీరై ప్లగ్ చుట్టూ చేరుతుంది. సాయంత్రం నున్నగా నడిచిన కారు తెల్లారి స్టార్ట్ చేయగానే మళ్లీ మిస్సింగ్ కొట్టేది అందుకే.

కాయిల్ నుంచి వచ్చేది ఇరవై ముప్ఫై వేల వోల్టుల కరెంటు. ప్లగ్ కొసన నిప్పురవ్వ కావాల్సింది, తడి దొరికితే పింగాణీ మీదుగా జారి ఇంజన్ లోహంలోకి దూకుతుంది. దూకిన దారిలో మసి మిగులుతుంది. అలా కొన్నాళ్లు నడిచిన ప్లగ్‌ని విప్పి వెలుతురులో పట్టుకుంటే తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకవాసి నల్లగీత కనిపిస్తుంది. కాయిల్ రబ్బరు తొడుగు లోపల దానికి జోడు గీత. ఆ గీత పడ్డాక నీళ్లు పూర్తిగా ఆరినా మిస్సింగ్ పోదు, ఎందుకంటే కరెంటుకి ఇక తడితో పనిలేదు. తుడిస్తే పోయే తడి, నడపడం వల్లే ప్లగ్‌నీ తొడుగునీ మార్చాల్సిన జబ్బయింది.

అంతకన్నా పెద్ద నష్టం కింద జరుగుతుంది. మండని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన లోపలి జల్లెడ ఆ వేడికి కరిగిపోగలదు. చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉందంటే కన్వర్టర్‌కి ముప్పు ఉందని బండి చెబుతున్నట్టే. అలాంటప్పుడు నెల్సన్ మండేలా మార్గ్ మీదికెక్కి ‘ఆరబెట్టడానికి’ యాక్సిలరేటర్ తొక్కడం ఎంత అన్యాయం!

నడిపితే బాగైన బండ్లు లేవా? ఉన్నాయి. బెల్టు తడిసి కీచుమన్నా, పైపై కనెక్టర్‌కి చెమ్మ పట్టినా కాసేపట్లో సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ బండ్లలో డిస్ట్రిబ్యూటర్ మూత తీసి గుడ్డతో తుడిస్తే సరిపోయేది. ఆనాటి అనుభవం అప్పటికి చెల్లింది. 2000 ఏప్రిల్‌లో ఢిల్లీకి యూరో-2 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త కార్లలో కార్బురేటర్ పోయింది, సలహా మాత్రం ఉండిపోయింది.

చేయాల్సిన పని చిన్నదే. బండి ఆపాలి. స్కానర్ పెట్టిస్తే పీ0301, పీ0302 లాంటి కోడ్ వస్తుంది, చివరి అంకె సిలిండర్‌ది. ఇంజన్ ఆపి, చల్లారాక ఆ కాయిల్ లాగి, ప్లగ్ విప్పకముందే గొట్టంలోకి కంప్రెసర్ గాలి కొట్టించాలి, లేకపోతే నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. ఆరాక కూడా మిస్సింగ్ ఉంటే ఒకటో కాయిల్‌ని రెండోదాని స్థానంలో పెట్టి చూడాలి. కోడ్ కూడా దాని వెంటే పోతే తప్పు కాయిల్‌ది. పోకపోతే ప్లగ్‌నీ ఇంజెక్టర్ కనెక్టర్‌నీ చూడాలి. ఢిల్లీలో సీఎన్‌జీ కార్లకు లోటు లేదు, వాటికి ఇంకో గుర్తుంది: గ్యాస్ మీద మిస్సింగ్ కొట్టి పెట్రోలు మీద బాగా నడిస్తే ముందు ఇగ్నిషన్‌నే అనుమానించాలి. గ్యాస్‌ని వెలిగించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, కరెంటు కారిపోయే చోటు అక్కడే ముందు బయటపడుతుంది.

అసలు ఆ ధార దేనికి? ఇక్కడ ఇంజన్ మీద పేరుకునేది ఎక్కువగా పొడి దుమ్ము. బ్లోయర్‌తో ఊది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీ మనది. 2024 మే నెలాఖరులో పైపుతో కార్లు కడిగితే 2,000 రూపాయల జరిమానా అని ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది.

కడిగించిన సంగతి మెకానిక్‌కి చెప్పకుండా వారం తర్వాత బండి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. నడిపితే ఆరిపోయిందనే అనుకుంటారు కాబట్టి, అది చెప్పాల్సిన సంగతని వాళ్లకి తోచదు. ఆ ఒక్క మాట లేకే సెన్సార్లు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి, చివరికి ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, ఈసీఎం దాకా పోతుంది. షెడ్‌లో బండి దిగగానే చెప్పాల్సిన మొదటి మాట అదే: ఫలానా రోజు ఇంజన్ కడిగించాను, ఆ మర్నాటి నుంచే మిస్సింగ్. ఆ తర్వాత కూడా ఈసీఎం పోయిందంటే, డబ్బు కట్టేముందు విప్పిన ప్లగ్‌లన్నీ చూపించమనండి.