డ్యూటీ చార్టు గోడ మీద ఉండాలి

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మేము సీతమ్మధారలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్ళం. మెడిసిన్ చదవట్లేదు. మరి సర్జరీ పీజీ డాక్టర్ల డ్యూటీ గంటల గొడవ మీకెందుకురా అని ఎవరైనా అడగొచ్చు. మాకు రెండు కారణాలు ఉన్నాయి.

ఒకటి, పాడేరు, చింతపల్లి, అరకు వైపు నుంచి పెద్ద ఆపరేషన్ అంటే మనవాళ్ళు దిగి వచ్చేది విశాఖ కేజీహెచ్‌కే. ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రిలోనైనా అర్ధరాత్రి పేషెంట్ దగ్గరకు ముందు వచ్చేది పీజీ డాక్టరే. ఆ మనిషికి నిద్ర ఉందా లేదా అన్నది మన ప్రాణానికి సంబంధించిన విషయం. రెండు, మన పిల్లలు డాక్టర్లు అవుతున్నారు. పాడేరులోనే 2024లో 50 ఎంబీబీఎస్ సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. వాళ్ళలో కొందరు రేపు ఎంఎస్ సర్జరీలో చేరతారు. అక్కడ మూడేళ్ళు ఎలా గడుస్తాయో మనం ఇప్పుడే తెలుసుకోవాలి.

రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. 1992 జూన్ 5న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన రెసిడెన్సీ స్కీమ్ ఆదేశాల్లో జూనియర్ రెసిడెంట్లకు మామూలుగా వారానికి 48 గంటలు, ఒక దఫా 12 గంటలు మించకూడదని రాశారు. పని అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చని కూడా పక్కనే రాశారు. ఆ ఒక్క వాక్యం సందులోంచే అంతా జారిపోయింది. 2023లో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన పీజీ నిబంధనల్లో అయితే పని గంటలు 'సహేతుకంగా' ఉండాలి అన్నారు గానీ అంకె వెయ్యలేదు. సహేతుకం అంటే ఎంత? యూనిట్ చీఫ్ గారు ఎంత అంటే అంత. 2024లో అదే కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు, ఒకేసారి 24 గంటలు మించకూడదని, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని చెప్పింది. అది సిఫారసు మాత్రమే. వాళ్ళ సర్వేలో జవాబిచ్చిన పీజీల్లో సగం కంటే ఎక్కువ మంది ఆ వారం సెలవు కూడా దొరకట్లేదన్నారు.

మేము అసలు చెప్పాలనుకున్నది ఇదీ. రూలు కాగితం మీద లేనప్పుడు అలవాటే రూలు అవుతుంది. ఆ అలవాటు డాక్టర్ల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు ముందే తెలుసు. ఎవరిని అడగాలి, ఎంతవరకు ఓర్చుకోవాలి, ఎప్పుడు ఫోన్ చేయించాలి అన్నీ నాన్నో, మామయ్యో చెబుతారు. మన ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మనమే మొదటివాళ్ళం. మనకు చెప్పేవాళ్ళు ఎవరు? అందుకే, ఎవరి మీదైనా అదనపు డ్యూటీ వెయ్యాలంటే వెనకాల మనిషి లేనివాడి మీదకే ముందు వస్తుంది. దానికి తోడు 'రిజర్వేషన్ క్యాండిడేట్' అనే మాట ఒకటి. అలసిపోయాను అంటే చాలు, చేతకాదు అని ముద్ర.

2019లో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి, 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో చదువుతున్న డాక్టర్ ప్రీతి చనిపోయారు. ఇద్దరూ గిరిజన బిడ్డలు, ఇద్దరూ పీజీ విద్యార్థినులే. రెండు చోట్లా సీనియర్ల మీద వేధింపుల కేసులు పెట్టారు. తప్పెవరిదో తేల్చేది కోర్టు. కానీ భయం లేకుండా ఫిర్యాదు చేసుకునే దారి ఉండాలి అన్నదానికి తీర్పు దాకా ఆగక్కర్లేదు.

సర్జరీ చేత్తో నేర్చుకునే విద్య, గంటలు తగ్గిస్తే చెయ్యి తిరగదు అని పెద్ద డాక్టర్లు అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. అమెరికాలో 1984లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి న్యూయార్క్ ఆసుపత్రిలో చనిపోయాక రెసిడెంట్ల నిద్రలేమి మీద పెద్ద చర్చ జరిగింది. 1989లో న్యూయార్క్ రాష్ట్రం, 2003లో దేశమంతా వారానికి 80 గంటల హద్దు పెట్టారు. తర్వాత సర్జరీ ట్రైనింగ్ సంస్థల్లోనే పోల్చి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. షిఫ్టు నిడివిని కొంచెం వదులు చేసినా పేషెంట్లకు నష్టం పెరగలేదని అందులో తేలింది. అయితే వారానికి 80 గంటల హద్దు మాత్రం రెండు వైపులా అలాగే ఉంచారు. అంటే ఆపరేషన్ మధ్యలో గడియారం చూసి వెళ్ళిపొమ్మని ఎవరూ అనట్లేదు. వారం మొత్తానికి ఒక గట్టు కావాలి, అంతే.

ఇంకోటి. మన ఆసుపత్రుల్లో పీజీల గంటలన్నీ కత్తి పట్టుకోవడంలోనే పోతున్నాయా? ట్రాలీ తోయడం, శాంపిళ్ళు ల్యాబుకు మోయడం, స్కాన్ తేదీ కోసం తిరగడం, ఫారాలు నింపడం. వీటితో ఏ చెయ్యి తిరుగుతుంది? ఆ పనులకు మనుషుల్ని వేస్తే గంటలూ తగ్గుతాయి, నేర్చుకునే టైమూ మిగులుతుంది. మనుషుల్ని వెయ్యకుండా గంటలు ఒక్కటే తగ్గిస్తే మాత్రం కొండ మీంచి వచ్చిన మన పేషెంటే క్యూలో ఇంకో రోజు పడుంటాడు. అది కూడా మనం ఒప్పుకోకూడదు.

కాబట్టి మేము అడిగేవి నాలుగు:

1. నెల మొదట్లోనే డ్యూటీ చార్టు పేర్లతో, దిగే టైముతో సహా గోడ మీద అంటించాలి.

2. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకు మర్నాడు విశ్రాంతి ఉంటుందని అందులోనే రాయాలి.

3. థీసిస్ మీద, లాగ్‌బుక్ మీద సంతకం పెట్టే సారే ఫిర్యాదు వినే సార్ కాకూడదు. వినే కమిటీలో ఎస్టీ అధ్యాపకులు ఒకరైనా ఉండాలి.

4. ఖాళీగా ఉన్న వార్డు సిబ్బంది పోస్టులు నింపాలి.

ఈ గ్రూపులో పీజీ చేస్తున్న అన్నలు, అక్కలు ఉంటే ఒక మాట. రోజూ ఎక్కిన టైము, దిగిన టైము ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. చార్టుల కాపీలు సమాచార హక్కు చట్టం కింద మేము అడుగుతాం. మీ పేరు బయటకు రాకూడదు కాబట్టి దరఖాస్తు మా పేర్ల మీదే పెడతాం. దరఖాస్తు రాయడం తెలిసినవాళ్ళు కింద కామెంట్లో చెప్పండి, ఈ నెలలోనే మొదలుపెడదాం.

జై ఆదివాసీ.